పిక్కబలం

నాలుగో కిలోమీటరు దగ్గర
ఎవరో వెనకనుంచి రాయి విసిరారనుకున్నాను.
తిరిగి చూస్తే ఎవరూ లేరు.
బల్లరాట్ ఊరు, వెండూరీ చెరువు, జూలై చలి,
గట్టుమీద ఒక నల్లహంస, నాకేసి అనుమానంగా.
కుడి పిక్కలో పుటుక్కుమంది,
పాత జాకెట్టు కుట్టు ఊడినట్టు.

ఆసుపత్రి వంటింట్లో ఎనిమిది గంటలు నిలబడి
ఆ తర్వాత పరిగెత్తేదాన్ని.
ఎవరితోనూ పోటీ లేదు.
శనివారం గుంపులో నాకంటే వెనక
ఒక్క ట్రాన్ గారే ఉండేవాడు,
ఆయనకి డెబ్బై రెండేళ్ళు.

సువర్చల ఫోన్లో నవ్వింది:
"పరిగెత్తి పాలు తాగేకంటే
నిలబడి నీళ్ళు తాగమన్నారు కదే."
నిలబడి నీళ్ళు తాగే ఉద్యోగమే చేస్తున్నాను,
పాలు ఎప్పుడు మరి, అన్నాను.

మన భాషలో పరుగుకి మర్యాద తక్కువ.
పిక్కబలం చూపాడంటే పారిపోయాడని.
కాలికి బుద్ధి చెప్పాడన్నా అదే.
దొంగకీ, అప్పు ఎగ్గొట్టినవాడికీ,
కుక్క వెంటపడినవాడికీ తప్ప
ఊరికే పరిగెత్తేవాళ్ళకి ఎవరూ మాట కట్టలేదు.
నలభై తొమ్మిదేళ్ళ ఆడదానికి సరేసరి.

గ్లెనిస్ గది రొట్టెల దుకాణం పైన.
పదమూడు మెట్లు,
ఎడంకాలు ముందు, కుడికాలు దాని పక్కకి.
ఆమె ముప్పై ఏళ్ళు గొర్రెల షెడ్లలో
ఉన్ని రకాలు వేరుచేసిన మనిషి.
పోగుని రెండు చేతులా లాగి చెప్పేదట,
ఏ నెలలో గడ్డి దొరకలేదో,
గొర్రె ఎప్పుడు జబ్బుపడిందో.
ఆ నెల దగ్గరే తెగుతుందట పోగు.
ఉన్నిలోని జిడ్డు తాగీ తాగీ
ఆ అరిచేతులు ఇప్పటికీ వెన్న.
వాటి వెనక బలం మాత్రం రోకలిది.

బల్ల గుంతలో మొహం పెట్టి బోర్లా పడుకుంటే
కనిపించేవి ఆమె చెప్పులూ,
తివాచీ మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చా.
బొటనవేలు మడమ దగ్గర బయల్దేరి
పైకి, ఇంకా పైకి,
ముడి దగ్గర ఆగుతుంది.
ఆగి, దిగుతుంది.
నేను తెలుగులో అరుస్తాను.
అమ్మా అని కాదు,
అచ్చులో వేయలేని మాట ఒకటి.
"అర్థమైంది," అంటుంది ఆమె ఇంగ్లీషులో.

ఉన్నట్టుండి అడిగింది:
"మార్చిలో ఏం జరిగింది?"

నేనేం చెప్పలేదు ఆవిడకి.
మార్చిలో ఇద్దరు మానేస్తే డబుల్ షిఫ్టులు చేశాను.
మార్చిలో నిద్రలేకుండా పరిగెత్తాను,
ఒక్కరోజు ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనేమోనని,
నొప్పి మీద పట్టీ, పట్టీ మీద మేజోడు.
పారిపోయానన్నమాటే.
భాష అబద్ధమాడలేదు.

"నా చేతులది పావు వంతు,
ముప్పాతిక నీ పని," అంది తువ్వాలుతో తుడుచుకుంటూ.

పెరటి మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి
మడమలు పైకి, మెల్లగా కిందికి,
పదిహేనేసి చొప్పున మూడుసార్లు,
పొద్దునా రాత్రీ, చెత్తబుట్ట సాక్షిగా.
భానోజీ కాఫీగ్లాసుతో గుమ్మంలో నిలబడి లెక్కపెట్టేవాడు.
పన్నెండు తర్వాత పది.
వాణ్ణి లోపలికి తోలి
నాన్న లెక్క తెచ్చుకున్నాను.
ఆయన రైసుమిల్లులో ధాన్యం కొలిచేవాడు.
మొదటి కుంచాన్ని ఒకటి అనేవాడు కాదు.
లాభం. రెండు. మూడు.

ఆరో వారం కాలు వణికింది.
ఎనిమిదో వారం కాలనేది ఒకటుందని మర్చిపోయాను.
తొమ్మిదో వారం గ్లెనిస్ అంది:
నిమిషం పరిగెత్తు, రెండు నిమిషాలు నడువు.
అంతకుమించి ఒక్క అడుగు వేసినా నాకు తెలుస్తుంది.
తెలుస్తుంది, ఆ వేళ్ళకి.

మళ్ళీ చెరువు గట్టు, సెప్టెంబరు గాలి.
హంస వెనక నాలుగు బూడిదరంగు పిల్లలు.
ట్రాన్ గారు నన్ను దాటుకుపోతూ
వెనక్కి చూడకుండా చెయ్యి ఊపాడు,
అందులో కొంచెం గర్వం లేకపోలేదు.

గడియారం కూసింది.
కుడికాలు ముందు పెట్టాను.
ఎవరూ తరమడం లేదు.
లాభం, అన్నాను పైకే.